బరువు మాటెత్తని పథకం

పోర్ట్ హారోవే జిల్లా ఆరోగ్య మండలి వారు రెండేళ్ళు శ్రమించి ఒక సత్యం కనుగొన్నారు. యువకులకు బరువు తగ్గించే పథకాలు నచ్చవు. ఎందుకు నచ్చవో తెలుసుకోవడానికి మరో ఏడాది శ్రమించగా, వాటిలో బరువు తగ్గించే ఉద్దేశం కొట్టొచ్చినట్టు కనబడుతున్నందువల్లనే నచ్చడం లేదని తేలింది. కాబట్టి ఆ లోపాన్ని సవరించి, యువకుల మనసు దోచుకునే పథకం ఒకదాన్ని తయారుచేయాలనీ, దాన్ని దూరం నుంచే, అంటే ఎవరి సోఫాలో వాళ్ళు పడుకుని ఉండగానే అందించాలనీ మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం అనంతరం సభ్యులందరికీ టీ, కొబ్బరికోరు అద్దిన చాక్లెట్ కేకులు అందజేయడమైనది.

దూరం నుంచే ఎందుకని ఆ ఊళ్ళో ఎవరూ అడగలేదు. అక్కడ కుర్రాడికి పాము కరిచినా ముందు "ఏం కాదులే" అనుకుంటాడు, ఆ తర్వాతే కట్టు కట్టుకుంటాడు. అలాంటివాడు లావు తగ్గడానికి ఆసుపత్రికి వెళ్ళాడంటే, బయట ఆగి ఉన్న అతని ట్రక్కును ఊరంతా చూస్తుంది. చూసినవాళ్ళు అక్కడికక్కడ ఏమీ అనరు. శనివారం ఫుట్‌బాల్ క్లబ్బులో అంటారు.

పథకాన్ని రూపొందించే భారం డాక్టర్ మెరెడిత్ ఓస్‌గుడ్ మీద పెట్టారు. ఆమె పద్ధతి గల మనిషి. ఏ పని ఎవరికోసం చేస్తున్నామో వాళ్ళను అడిగే చేయాలన్నది ఆమె సిద్ధాంతం. అందుకని యువకులను సంప్రదింపులకు పిలిచింది. మొదటి పిలుపుకు కుర్చీలు మాత్రమే హాజరయ్యాయి. రెండో పిలుపులో పిజ్జా, బీరు ఉంటాయని చేర్చారు. ఈసారి కుర్చీలు చాలక కొందరు కిటికీల మీద కూర్చున్నారు. యువకుల్లో ఆరోగ్యం పట్ల ఇంత ఆసక్తి ఉందని తాను ఊహించలేదని ఆమె ఆ రాత్రే పైవాళ్ళకు నివేదించింది.

వచ్చినవాళ్ళలో జారడ్ మక్‌లేష్ ఒకడు. ఇరవై ఆరేళ్ళవాడు, కలప డిపోలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఊరంతా అతన్ని 'పుల్ల' అని పిలుస్తుంది. ఎర్రజుట్టువాణ్ణి 'నీలం' అనీ, వాగుడుకాయను 'మౌని' అనీ పిలిచే ఊరు గనక, జారడ్ ఆకారం ఎలాంటిదో మళ్ళీ వర్ణించే పని లేదు. ఆ గదిలో నిజంగా బరువు తగ్గాలని వచ్చినవాడు అతనొక్కడే. ఆ సంగతి పక్కవాడికి తెలిస్తే తలెత్తుకోలేనని, తనూ అందరితో పాటు కడుపునిండా పిజ్జా తిన్నాడు.

తగ్గకపోతే కుదరని అవసరం అతనిది. అతని అక్క టెగన్ ఊళ్ళో స్కూలు బస్సు నడిపేది. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారంలో సగం రోజులు డయాలసిస్ యంత్రం పక్కన కుర్చీలోనే గడుపుతోంది. ఊళ్ళో సగం మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన గొంతు ఇప్పుడు నీరసపడింది గానీ, నాలుక మాత్రం పదును తగ్గలేదు.

"పరీక్షలన్నీ అయ్యాయిరా. నీ కిడ్నీ నాకు సరిపోతుందట. నువ్వే ఆపరేషన్ బల్లకి సరిపోవట," అంది ఒకరోజు, యంత్రం పక్క నుంచి.

"ఎంత తగ్గాలట?"

"పద్దెనిమిది కిలోలు. చలికాలం వచ్చేలోపు. అంతకన్నా ఆలస్యమైతే నా గుండె ఆగదు అంటోంది ఆ సర్జనమ్మ. అంటే, ఆగుతుంది అంటోంది."

"ఇచ్చేస్తానులే అక్కా. నువ్వు బెంగపెట్టుకోకు."

"బెంగ దేనికి? చిన్నప్పుడు నా సైకిలు తీసుకుని ఇంతవరకూ తిరిగివ్వలేదు. నువ్వు కిడ్నీ ఇస్తావని నేను ఆశ పెట్టుకుంటే కదా!" అని మొహం గోడవైపు తిప్పుకుంది. జారడ్‌కు అక్క తప్ప ఎవరూ లేరు.

సర్జన్ డాక్టర్ లియోనీ వాస్ కచ్చితమైన మనిషి. చెప్పిన బరువుకు దిగకపోతే కత్తి పట్టనంది. తిండి విషయంలో ఎవరైనా నిపుణుణ్ణి కలవమంది. జారడ్ కలుద్దామనే బయల్దేరాడు. కానీ జిల్లాలో ఉన్న ఆహార నిపుణులందరినీ యువకులకు నచ్చే పథకం వారే ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. విడిగా చూపించుకోవాలంటే వచ్చే వసంతం దాకా ఖాళీ లేదు. అందుకే పథకంలోనే చేరాడు.

ఈలోగా సంప్రదింపుల ఫలితాలు వెలువడ్డాయి. యువకులకు 'బరువు' అనే మాట నచ్చదు, తీసేశారు. 'ఆహారం' అంటే ఆసుపత్రి గుర్తొస్తుంది, అదీ తీసేశారు. 'వ్యాయామం' అంటే స్కూలు డ్రిల్లు మాస్టారు గుర్తొస్తాడు. ఆకుకూర బొమ్మ చూస్తే అవమానంగా ఉంటుంది. కండలు తిరిగినవాడి బొమ్మ చూస్తే అంతకన్నా అవమానంగా ఉంటుంది. మనసులో మాట చెప్పుకోమంటే ఫోను పడేసి పారిపోతారు. ఇవన్నీ తీసేయగా మిగిలిన పథకాన్ని ఫోన్లో యాప్‌గా చేసి 'షెడ్డు' అని పేరు పెట్టారు. మగవాడు తన ఇంట్లో సుఖంగా ఉండేది పెరట్లో పనిముట్లు పెట్టుకునే షెడ్డులోనే కదా అని.

యువకులు స్నేహితుల్లాంటి భాష కోరుకుంటున్నారని కూడా తేలింది. పోర్ట్ హారోవేలో ఇద్దరు స్నేహితులు పలకరించుకుంటే బూతు లేకుండా వాక్యం నిలబడదు. కనుక మండలి ఒక బూతుల ఉపసంఘాన్ని నియమించింది. అందులో ఒక న్యాయవాది, ఒక భాషావేత్త, రిటైరైన నర్సు ఉన్నారు. వారు వారాల తరబడి కూర్చుని ఊళ్ళో వాడుకలో ఉన్న తిట్లన్నిటినీ పరిశీలించి, ఆప్యాయత పాలు ఎక్కువగా ఉన్న ఏడింటిని ఆమోదించారు. సంఘంలో నర్సు ఒక్కరే అన్ని తిట్లకూ అర్థం తెలిసినవారని వినికిడి.

సభ్యులందరికీ ఇళ్ళకే తూకం యంత్రాలు పంపారు. అయితే అంకె చూస్తే యువకులు నొచ్చుకుంటారని, యంత్రంలో అంకెలు తీయించారు. ఎక్కి నిలబడితే తెర మీద "భేష్ గురూ!" అని వస్తుంది. జారడ్ మొదటిరోజు ఎక్కాడు. భేష్ గురూ. దిగి, పెద్ద గ్లాసు నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కాడు. భేష్ గురూ. టెగన్ కుక్కను చంకలో పెట్టుకుని ఎక్కాడు. అప్పుడూ భేషే. సర్జన్‌కేమో అంకె కావాలి.

వారానికోసారి ఫోన్లో మాట్లాడే సలహాదారుగా జారడ్‌కు హేమిష్ ప్రెంటిస్‌ను కేటాయించారు. హేమిష్ తిండీతిప్పల శాస్త్రం నాలుగేళ్ళు చదివి పట్టా పుచ్చుకున్నవాడు. పథకం వారు అతన్ని ఎన్నుకున్నది ఆ చదువు చూసి కాదు. గొంతు ఫుట్‌బాల్ ఆటగాడిలా బొంగురుగా ఉందని. సంభాషణ ఆటతోనే మొదలవ్వాలనీ, ఆరోగ్యం ప్రస్తావన పదకొండో నిమిషం తర్వాతే రావాలనీ నియమం. యువకులకు పది నిమిషాలకు మించి ఓపిక ఉండదు గనక, పదో నిమిషానికి ఫోను తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు కూడా ఉంది. ఈ రెండు నియమాలనూ రెండు వేర్వేరు సంఘాలు చేశాయి, రెండింటికీ ప్రశంసాపత్రాలు వచ్చాయి.

"ఏం గురూ! శనివారం ఆట చూశావా? ఆ రిఫరీ కళ్ళు కాకులెత్తుకుపోయాయా ఏంటి?" అన్నాడు హేమిష్.

"చూశాను. నేనేం తినాలి గురూ?"

"చివర్లో మనవాడు లైను దాటాడు కదా, అయినా ఇవ్వలేదు చూడు..."

"రిఫరీ సంగతి తర్వాత. బంగాళాదుంపలు తినొచ్చా?"

హేమిష్ గొంతు బాగా తగ్గింది. "ఆ మాట ఇక్కడ అనకు గురూ. నాణ్యత విభాగం వాళ్ళు వింటుంటారు."

"మా అక్కకి కిడ్నీ ఇవ్వాలి. నేను తగ్గకపోతే అది చచ్చిపోద్ది. ఇంకెవర్ని అడగను?"

ఫోను ఆగిపోయింది. పావుగంట తర్వాత వేరే నంబరు నుంచి మోగింది. హేమిష్ ఆఫీసు వెనక కార్లు నిలిపే చోట నిలబడి సొంత ఫోను నుంచి మాట్లాడుతున్నాడు. "త్వరగా విను. వేపుళ్ళు మానెయ్. ప్లేట్లో సగం కూరగాయలు పెట్టుకో. బీరు ఆపెయ్. తీపి పానీయాలు వద్దు. రోజూ చెమట పట్టేదాకా నడు. ఇంతే గురూ, ఇంతకన్నా బ్రహ్మవిద్యేం లేదు. నా పేరు మాత్రం ఎక్కడా ఎత్తకు, ఉద్యోగం పోద్ది." నాలుగేళ్ళ చదువును దొంగసారా అమ్మినట్టు చాటుగా అందించాల్సి వచ్చినందుకు అతనికి సిగ్గు కలగలేదు. పైగా ఉద్యోగంలో చేరాక ఆ చదువు పనికొచ్చిన మొదటిరోజు అదేనని పొంగిపోయాడు.

అలా జారడ్ తగ్గడం మొదలుపెట్టాడు. అంకె కోసం డిపోలోని కలప తూచే కాటా ఎక్కేవాడు. ఒకరోజు దేవదారు పలకల పక్కన కాటా మీద నిటారుగా నిలబడి ఉండగా అతని స్నేహితుడు డూగన్ చూశాడు. డూగన్ కూడా అక్కడే పనిచేస్తాడు, క్లబ్బు జట్టుకు కెప్టెన్.

"ఏంట్రా పుల్లా, నిన్ను కూడా టన్నుల లెక్కన అమ్మేస్తున్నారా?"

"కాటా సరిగ్గా ఉందో లేదో చూస్తున్నా," అన్నాడు జారడ్. అబద్ధం ఆడటం ఆ ఊళ్ళో తప్పు. బరువు తగ్గుతున్నానని చెప్పడం అంతకన్నా పెద్ద తప్పు.

ఇదిలా ఉండగా డాక్టర్ ఓస్‌గుడ్‌కు పథకం ప్రకటనల కోసం ఒక ముఖం కావలసి వచ్చింది. సన్నగా ఉన్నవాణ్ణి పెడితే యువకులు అసూయపడతారని సంప్రదింపుల్లో తేలిపోయింది. పిజ్జా సమావేశంలో తీసిన ఫోటోలన్నీ చూపించి ఎవరు నచ్చారని అడిగితే, నోట్లో ముక్కతో నవ్వుతున్న జారడ్‌ను చూసి అందరూ "వీడు మనవాడు" అన్నారు. ప్రకటనల సొమ్ము అక్క మందులకు పనికొస్తుందని జారడ్ ఒప్పుకున్నాడు. నెల తిరిగేసరికి బస్‌స్టాపుల్లో అతనే, బస్సుల వెనక అతనే. 'షెడ్డులోకి రా గురూ' అని బొమ్మ కింద రాశారు. అది చూసి యువకులు వేలల్లో చేరారు. ఇలాంటివాడు హాయిగా ఉన్నప్పుడు మనకేం అనుకున్నారు. చేరినవాళ్ళెవరూ మానలేదు. మానడానికి అందులో కష్టపెట్టేది ఏదైనా ఉంటే కదా.

శనివారాలు క్లబ్బులో గడ్డుగా ఉండేవి. ఆట అయ్యాక ఒకడు అందరికీ బీరు పోయిస్తాడు, తర్వాత రెండోవాడు, తర్వాత మూడోవాడు. ఇంటికి నిప్పంటుకుందని కబురొచ్చినా తన వంతు పోయించే లేవాలి, ఇతరులు పోయించింది తాగాలి. జారడ్ తన వంతు పోయించి, తను మాత్రం నీళ్ళు తాగాడు. మొదటి వారం అతనికి జ్వరమనుకున్నారు. రెండో వారం మతం పుచ్చుకున్నాడనుకున్నారు. మూడో వారం డూగన్ అతన్ని పక్కకు పిలిచి, కళ్ళు నేలకు దించి, "నా మీద ఏమన్నా కోపమా గురూ?" అని అడిగాడు. జారడ్ తట్టుకోలేకపోయాడు.

"కోపమేం లేదురా. నేను లావుగా ఉన్నాను. తగ్గాలి. మా అక్కకి కిడ్నీ ఇవ్వాలి."

క్లబ్బంతా వినబడింది. మాంసం కాల్చే పొయ్యి దగ్గరివాడు అట్లకాడ అలాగే గాల్లో పట్టుకుని నిలబడిపోయాడు. పదేళ్ళుగా అతన్ని రోజూ చూస్తున్న పాతికమంది, అతను లావన్న సంగతి అప్పుడే తెలిసినట్టు తెల్లబోయారు.

"మరి ముందే చెప్పొద్దూ!" అన్నాడు డూగన్. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "టెగన్ కోసం మేమేం చెయ్యమన్నా చేస్తాం. నువ్విక ఊరుకో, అంతా మేం చూసుకుంటాం."

చూసుకున్నారు. ఆ ఊళ్ళో ఇల్లు కాలినా, వరద వచ్చినా, చర్చి కప్పు గాలికి ఎగిరిపోయినా జనం చేసే పని ఒకటే. హార్డ్‌వేర్ దుకాణం ముందు పొయ్యి పెట్టి, సాసేజీలు కాల్చి, ఉల్లిపాయ వేయించి, రొట్టెముక్కలో చుట్టి అమ్ముతారు. జారడ్ బరువు తగ్గడానికి సహాయార్థం ఆ శనివారం అదే కార్యక్రమం ఘనంగా ఏర్పాటైంది. ముఖ్య అతిథి జారడ్. పొద్దున్నించీ వచ్చిన ప్రతివాడూ తను ఒకటి కొనుక్కుని, జారడ్‌కు ఒకటి కొనిచ్చి, "మీ అక్క కోసం తిను బాబూ" అన్నాడు. అక్క కోసం కాదనడం ఎలా? సాయంత్రం మాంసం లాటరీ తీశారు. పెద్ద పళ్ళెం నిండా పక్కటెముకలు, కీమా, సాసేజీలు అతనికే వచ్చాయి. చీటీ తీసిన డూగన్ కళ్ళు మూసుకోవడం మర్చిపోయాడని కొందరన్నారు.

సోమవారం కాటా ఎక్కి చూసుకుని జారడ్ దాన్ని కాలితో తన్నాడు. అంత కోపం అతనికి పుట్టి బుద్ధెరిగాక రాలేదు. ఎవర్ని తిట్టాలో మాత్రం తెలియలేదు. తిట్టడానికి ఒక్క చెడ్డవాడు కూడా లేకపోయె!

సాయంత్రం ఆ సంగతంతా విన్న టెగన్ కుర్చీలో కదలకుండా నవ్వింది, నవ్వలేక దగ్గింది. "ఇంకోసారి నా కోసం ఎవడైనా నీ నోట్లో సాసేజీ పెడితే, 'మా అక్క చచ్చిపోయింది, ఇక అక్కర్లేదు' అని చెప్పు. ఆ పళ్ళెం మాత్రం కుక్కకి పెట్టు. రేపట్నుంచి డిపోకి నడిచెళ్ళు, ట్రక్కు తాళాలు ఇటివ్వు." ఆమె తాళాలు దిండు కింద పెట్టుకుంది. అతను నడిచాడు. ఎండలో నడిచాడు, వానలో నడిచాడు. తన బొమ్మ ఉన్న బస్సులు బురద చిమ్ముకుంటూ పక్కనుంచి వెళ్ళాయి.

జారడ్ తగ్గుతున్నాడన్న కబురు మండలికి అందేసరికి అక్కడ కలకలం రేగింది. డాక్టర్ ఓస్‌గుడ్ అతనితో తెర మీద అత్యవసరంగా మాట్లాడింది. ముఖాన్ని దగ్గరగా పెట్టమంది, పక్కకు తిప్పమంది, నిట్టూర్చింది.

"మిస్టర్ మక్‌లేష్, మీ మీద వేలమంది యువకుల నమ్మకం ఆధారపడి ఉంది. మీలో వాళ్ళు తమను తాము చూసుకుంటున్నారు. రేపు మీరు సన్నగా కనబడితే, వాళ్ళు మోసపోయామనుకోరా? ఒంటరివాళ్ళమైపోయామని కుంగిపోరా? బరువు తగ్గించే ఇంత పెద్ద పథకాన్ని, కేవలం మీరు బరువు తగ్గి నాశనం చేయడం భావ్యమా?"

ఆవేశంలో నిషేధించిన మాటను రెండుసార్లు అనేశానని గ్రహించి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జారడ్ అక్క సంగతి చెప్పాడు. డాక్టర్ ఓస్‌గుడ్ మంచి మనిషి, కన్నీళ్ళు పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, కిడ్నీ విషయం పథకానికి రాబోతున్న రాష్ట్ర అవార్డు తర్వాతకు జరపడానికి వీలవుతుందేమో కనుక్కోమంది. వీలవదని జారడ్ అన్నాడు. అలాగైతే అవార్డు రోజు ఒక్క పూట ఆయన పాత ఆకారంలో కనబడితే చాలునని మండలి పెద్దమనసుతో తీర్మానించి, ఒక దూది పొట్టను కుట్టించి పార్సెల్లో పంపింది.

సర్జన్ తూచిన రోజుకు జారడ్, ఆమె చెప్పిన దానికన్నా రెండు కిలోలు ఎక్కువే తగ్గి ఉన్నాడు. వాస్ పెదవుల మీద నవ్వు లాంటిది కదిలింది. ఆపరేషన్‌కు వచ్చే మంగళవారం ఖాయం చేసింది. "ఈలోగా ఒక్క కిలో పెరిగినా రద్దు చేస్తాను. నాతో ఆటలొద్దు," అని మరీ హెచ్చరించింది.

అవార్డు సభ శుక్రవారం. టెగన్ తమ్ముడికి దూది పొట్ట పట్టీలు బిగించి కట్టింది. "నిన్ను చూస్తే కడుపు తరుక్కుపోతోందిరా, మళ్ళీ ఎంత ముద్దొస్తున్నావో!" అని నవ్వి ముందు వరసలో వెళ్ళి కూర్చుంది.

రాష్ట్రం మొత్తం మీద యువకులు అత్యధిక సంఖ్యలో చేరి, అత్యల్ప సంఖ్యలో మానిన పథకంగా 'షెడ్డు'కు ప్రథమ బహుమతి వచ్చింది. పేరు చెప్పనక్కర్లేని ఒక మంత్రి వేదిక మీద జారడ్ భుజం చుట్టూ చెయ్యి వేసి, రెండో చేత్తో దూది పొట్టను ప్రేమగా తట్టాడు.

"మిత్రులారా, ఈ యువకుణ్ణి చూడండి! పథకంలో చేరిన నాడు ఎలా ఉన్నాడో, నేడూ సరిగ్గా అలాగే ఉన్నాడు. నిలకడ అంటే ఇదీ! మార్పు మార్పు అని అరిచేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా ప్రభుత్వం మాత్రం మనిషిని ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా గౌరవిస్తుంది!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్య జారడ్ చూపు రెండో వరస మీద పడింది. అక్కడ వైద్యులకు కేటాయించిన కుర్చీల్లో డాక్టర్ లియోనీ వాస్ కూర్చుని ఉంది. అప్పుడే లేచి నిలబడింది. ముఖం ఎర్రగా కందిపోయింది. బ్యాగులోంచి ఫోను తీసి ద్వారం వైపు నడుస్తోంది. ఆమె ఎవరికి ఫోను చేయబోతోందో, ఏం రద్దు చేయబోతోందో అతనికి అర్థమైపోయింది. టెగన్ కూడా చూసింది. ఆమె మొహంలో రక్తం లేదు.

"డాక్టరమ్మా, ఆగండి! ఇది నాది కాదు!" అని జారడ్ చొక్కా గుండీలు పటపట తెంచి, పట్టీలు లాగి, దూది పొట్టను ఊడదీసి మంత్రిగారి చేతుల్లో పెట్టాడు. "నేను ఇరవై కిలోల బరువు తగ్గాను! కావాలంటే ఇక్కడే తూచుకోండి!"

సభ నిర్ఘాంతపోయింది. ఆమోదం పొందిన ఏడు తిట్లూ వరసగా తిట్టినా ఎవరూ అంత నొచ్చుకునేవాళ్ళు కాదు. మండలి సభ్యులు తలలు దించుకున్నారు. ఒకావిడ పక్కనున్న కొడుకు చెవులు మూసింది. డాక్టర్ ఓస్‌గుడ్ కళ్ళు మూసుకుంది. వాస్ ద్వారం దగ్గరే ఆగి, వెనక్కి తిరిగి, చొక్కా లేకుండా వణుకుతూ నిలబడ్డవాణ్ణి కింది నుంచి పై దాకా చూసి, ఫోను బ్యాగులో పెట్టేసింది.

తేరుకున్నది ముందుగా మంత్రిగారే. అనుభవం ఊరికే పోతుందా! దూది పొట్టను రెండు చేతులతో తల మీదికెత్తి పట్టుకుని, "చూశారా! మన యువకుల భారాన్ని మా ప్రభుత్వం ఇలా తన చేతుల్లోకి తీసుకుంటుంది!" అన్నాడు. ముందటికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టారు.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. తమ్ముడి కిడ్నీ అక్క ఒంట్లో ఆ రోజే పని మొదలుపెట్టింది. యాప్ తెరవడం మానేసినందువల్ల పథకం వార్షిక నివేదికలో జారడ్‌ను 'ఫలితం పొందకుండా వైదొలగినవారు' అన్న పద్దు కింద చూపించారు. ఆ ఏడు ఆ పద్దులో ఉన్నది అతనొక్కడే. వైదొలగడానికి గల కారణాలు పరిశీలించేందుకు ఒక సంఘం వేశారు. హేమిష్‌ను అందులో సభ్యుడిగా నియమించారు, నోరు మూసుకుని కూర్చోవడంలో అతనికి మంచి పేరుంది.

ఆసుపత్రికి చూడ్డానికి వచ్చిన డూగన్ మంచం దగ్గర టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఒక్క కిడ్నీయే తీశారా గురూ? సగం మనిషిని తీసేసినట్టున్నారే!"

"నేను బాగానే ఉన్నానురా. ఇంత బాగా ఎప్పుడూ లేను. డాక్టరమ్మను అడుగు."

"ఊరుకో. నాకు ధైర్యం చెప్పడానికి అంటున్నావు," అని డూగన్ కళ్ళు ఒత్తుకున్నాడు.

ఆనాటి నుంచి ఊరంతా జారడ్ ఆరోగ్యం మీద దృష్టి పెట్టింది. క్లబ్బు మెట్లు ఎక్కలేక అతను నాలుగుచోట్ల ఆగి ఆయాసపడిన పదేళ్ళలో, ఒంట్లో ఎలా ఉందని అడిగినవాడు లేడు. ఇప్పుడు రోడ్డు మీద కార్లు ఆపి అడుగుతున్నారు. ముఖం ఎంత పీక్కుపోయిందో అంటున్నారు. దవడలు చూడు పాపం అంటున్నారు. పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో మూతపెట్టిన గిన్నెలు బారులు తీరి ఉంటాయి. జున్ను కారే పాస్తాలు, మాంసం పైలు, వెన్న కేకులు. టెగన్ స్కూలు బస్సు మళ్ళీ నడుపుతోంది. బుగ్గల్లోకి రంగు వచ్చింది, కేక పాత ఊపందుకుంది. రోజూ బస్సెక్కే ముందు ఆ గిన్నెలన్నీ కాలితో పక్కకు నెట్టి, "బలిసినప్పుడు పట్టించుకోలేదు గానీ, బాగుపడ్డాక చంపేసేలా ఉన్నారు వీళ్ళు!" అని తిట్టి వెళుతుంది.

పోర్ట్ హారోవే వాళ్ళ తెలివికి మీరు నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే, చాలా రోజులకు మీ గడప తొక్కిన కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, "ఏంట్రా, ఇలా చిక్కిపోయావు?" అని నొచ్చుకుంటూ నేతిగిన్నె అందుకునేది ఎవరో, ఆ ఒక్కటీ చెప్పి నవ్వండి.